గొంతు మండీకి, వేళ్లు ఇంటికి

మా ఆయనకు గొంతు పొద్దున పూట మాత్రమే ఉంటుంది. ఎండ ముదిరేసరికి అయిపోతుంది.

కర్ణాటకలో మా చింతామణి టమోటా మార్కెట్లో ఒక మండీకి, అంటే కమీషను కొట్టుకు, ఆయన వేలం పాడే మనిషి. రైతులు తెచ్చిన బాక్సులు షెడ్డు కింద వరసగా పేర్చి ఉంటాయి. వాటి వెంట నడుస్తూ, ఒక్కొక్క రైతు సరుకు చూపించి, ధర అరిచి, కొనేవాళ్ల చేత ఇంకాస్త పై ధర అనిపించి, ఇంకెవరైనా ఉన్నారా అని మూడుసార్లు అడిగి, చేతులు చరిచి ఒకరికి కట్టబెట్టాలి. అదే షెడ్డు కింద పక్కపక్కనే బోలెడు మండీలు. ప్రతి మండీకీ ఒక గొంతు. ఎవరి గొంతు పెద్దదైతే కొనేవాళ్లు అటు మళ్లుతారు. మైకు పెట్టుకోవచ్చు కదా అని నేను అడిగి చూశాను. మైకులో ఎవరి గొంతైనా ఒకేలా ఉంటుందట, అప్పుడు తన గొంతుకు విలువేముందట. మార్కెట్టు గేటు బయట టీ తాగుతున్న వ్యాపారి కూడా మా ఆయన కేక వినపడితే గ్లాసు కింద పెట్టి లోపలికి వస్తాడని పేరు.

ఆ పేరు నేనేం చేసుకోను? ఇంటికి వచ్చేసరికి ఆ గొంతులో గాలి తప్ప ఏమీ మిగలదు. నేను ఒక ప్రైవేటు బడిలో మూడో తరగతి పిల్లలకు కన్నడం చెబుతాను. పగలంతా నేనూ అరుస్తాను. అయినా సాయంత్రానికి నా దగ్గర ఇంకా కావలసినంత గొంతు ఉంటుంది. కావాలంటే మా వీధిలో ఎవరినైనా అడగండి.

పెళ్లిచూపులు మధ్యాహ్నం జరిగాయి. అందుకే మోసపోయాం. మాది బాగేపల్లి. మా నాన్న, అమ్మ, మా సంఘ పాస్టరుగారు వరసగా కూర్చుని ప్రశ్నలు వేస్తే, ఆయన ప్రతిదానికీ తల ఊపి చిన్నగా నవ్వాడు. ఎంత సాత్వికుడు, ఎంత దైవభయం ఉన్నవాడు అని పాస్టరుగారు తెగ మురిసిపోయారు. పెళ్లయిన మర్నాడు తెల్లవారుజామున పెరట్లోంచి "వేడినీళ్లు కాగినాయా?" అని ఒక కేక వినపడింది. ఇంటి మీద ఏదో కూలిందనుకుని నేను మంచం దిగి వీధిలోకి పరుగెత్తాను. అక్కడ మా అత్త ముగ్గు వేస్తోంది. క్రైస్తవులమైనా ఆమె ముగ్గు మానలేదు. తల ఎత్తకుండానే, "అదేమీ లేదమ్మా, నీ మొగుడే. పది గంటలకంతా సరిపోతాడులే" అంది.

మధ్యాహ్నం నుంచి ఆయన వేళ్లతో మాట్లాడతాడు. మా మామగారు బతికుండగా సంతల్లో ఎద్దుల బేరాలు చేసేవారు. పక్కవాళ్లకు తెలియకుండా తువ్వాలు కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకునే విద్య ఆయనది. కొడుక్కి అది ఆస్తిగా వచ్చింది. ఏమైనా చెప్పాలంటే మా ఆయన నా చేతి మీద తువ్వాలు కప్పి, కింద నా వేళ్లు నొక్కుతాడు. చూపుడువేలు నొక్కితే కాఫీ. రెండు వేళ్లు కలిపి నొక్కితే అన్నం. బొటనవేలు మెలిపెడితే, నీ మాటలు కొంచెం తగ్గించు అని. మాకు కొత్తగా పెళ్లయిన రోజుల్లో ఇంటికొచ్చిన చుట్టాలు ఆ తువ్వాలు చూసి సిగ్గుపడి బయటికి వెళ్లిపోయేవారు. లోపల మేము పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకుంటూ ఉండేవాళ్లం.

నాకు ఏడో నెల వచ్చినప్పుడు, కాన్పుకు నన్ను బాగేపల్లిలో పుట్టింట దింపడానికి బయలుదేరాం. దారిలో చిక్కబళ్ళాపురంలో దిగి గొంతు డాక్టరుకు చూపించుకుందామని నేనే పట్టుబట్టాను. ఈమధ్య పొద్దున కూడా ఆయన గొంతు జీరపోతోంది. డాక్టరు నా పొట్ట చూసి, తప్పు గదిలోకి వచ్చారేమో అన్నాడు. కాదు సార్, గొంతు ఆయనది అన్నాను. ఎప్పటినుంచి ఉంది అని ఆయన్ని అడిగితే నేను చెప్పాను. ఏం పని చేస్తారు అని ఆయన్ని అడిగితే నేను చెప్పాను. పేషెంటును మాట్లాడనివ్వమ్మా అని డాక్టరు విసుక్కున్నాడు. మధ్యాహ్నం దాటింది సార్, ఇంక ఈ పొద్దుకు లేదు అన్నాను.

గొట్టం పెట్టి లోపల చూశాడు. పార పట్టుకునేవాళ్ల చేతులకు కాయలు కాచినట్టు ఈయనకు గొంతు లోపల కాయలు కాచాయట. "కూగోదు బిడబేకు, ఇల్లాంద్రె మనేలి మౌన" అని కన్నడంలో తీర్పు చెప్పాడు. అరవడం మానాలి, లేదంటే ఇంట్లో నోరు మూసుకుని ఉండాలి. రెండూ కుదరవు. మార్కెట్టు మానేస్తే పోదా అన్నట్టు నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన వెంటనే భుజం మీది తువ్వాలు తీసి నా చేతి మీద కప్పాడు. డాక్టరు కళ్లజోడు సవరించుకుని ఆ తువ్వాలు వైపే చూశాడు. కింద మా ఆయన నా వేళ్లన్నీ కలిపి గట్టిగా మడిచేశాడు. ఆ బేరం కుదరదు అని దాని అర్థం.

పనికీ ఇంటికీ మధ్య కాలాన్ని పంచుకోలేక అవస్థపడేవాళ్లు లోకమంతా ఉన్నారు. మా ఇంట్లో గొంతును పంచుకోవలసి వచ్చింది. పంపకంలో మొత్తం టమోటాలకు పోయింది.

బాగేపల్లిలో నాకు ఆడపిల్ల పుట్టింది. ప్రతి ఆదివారం ఆయన మార్కెట్టు ముగించుకుని మధ్యాహ్నానికి బస్సు దిగేవాడు. ఆదివారం కూడా మార్కెట్టు ఉంటుంది. టమోటాలకు ఆదివారం తెలియదు కదా. ఆయన వచ్చి, పాపను ఒళ్లో పెట్టుకుని, పెదవులు కదిలిస్తూ కూర్చునేవాడు. మా అమ్మకు ఆ అల్లుడంటే ప్రాణం. "ఇట్లాంటి అల్లుడు ఎవురికి దొరుకుతాడు? వచ్చి ఇంతసేపైనా ఒక్క మాటన్నా అనలేదు చూడు" అని వీధిలో అందరికీ చూపించేది.

చింతామణిలో మా పాస్టరయ్యకు ఒక పట్టుదల ఉంది. ప్రతి ఇంట్లో సాయంత్రం కుటుంబ ప్రార్థన జరగాలి, అది ఇంటి తండ్రి గొంతుతోనే జరగాలి. "ఇంటి యాజకుడి గొంతు ఇంట్లో వినపడల్ల" అంటాడు. దానికి మా ఆయన ఒక ఉపాయం కనిపెట్టాడు. తెల్లవారుజామున, వేలం మొదలవకముందు, గొంతు తాజాగా ఉన్నప్పుడు బాక్సుల చాటున నిలబడి ఒక ప్రార్థన ఫోన్లో రికార్డు చేసి నాకు పంపేవాడు. సాయంత్రం మేము ఆ ఫోనును ఉయ్యాల పక్కన పెట్టి, కళ్లు మూసుకుని, ఆమేన్ అనేవాళ్లం.

ఒకదాంట్లో హమాలీల కేకలు. ఒకదాంట్లో ప్రభువును స్తుతిస్తూ స్తుతిస్తూ మధ్యలో "ఏయ్, ఆ బాక్సు తలకిందులా పెట్టినావు చూడు!" అన్నాడు. మా నాన్న దానికి కూడా స్తోత్రం అన్నాడు. చివరికి ఒక పొద్దున మార్కెట్టులో ఎందుకో కాస్త సద్దుమణిగినప్పుడు మంచి ప్రార్థన ఒకటి కుదిరింది.

"ప్రభువా, బాగేపల్లిలో ఉండే నా భార్యని, నా బిడ్డని చల్లగా చూడు. మా యమ్మ ఎడమ మోకాలు బాగు చెయ్యి. వానల్లేక రైతులు అల్లాడతాండారు, వానలు కురిపించు. మా అత్తా మామల్ని కాపాడు..." ఇక్కడ ఎవరెవరి కోసం ప్రార్థించాలో తోచక కొంచెం ఆగాడు. ఆగితే చాలు, ఆయనకు అలవాటు మాట వచ్చేస్తుంది. "ఇంకెవురన్నా ఉండారా?" అన్నాడు. కొంచెంసేపు నిశ్శబ్దం. "ఇంకెవురన్నా?" మళ్లీ నిశ్శబ్దం. "ఇంకెవురన్నా?" టప్పుమని ఒక చప్పట. ఆమేన్.

ఐదో నెలలో పాపను తీసుకుని చింతామణికి వచ్చేశాను. ఇక ఆ ఫోను అవసరం ఉండదనుకున్నాను. కానీ మా అత్తకు ఆ ప్రార్థన తెగ నచ్చింది. "దీంట్లో లారీ హారను లేదు, వాని గొంతు బంగారంలా ఉండాది. రోజూ కొత్తది ఎందుకమ్మా? దేవునికి తెలీదా ఏమి?" అంది. అలా ఆ ప్రార్థన మా ఇంటికి శాశ్వతంగా ఖాయమైపోయింది. సాయంత్రం కాగానే ఆ ప్రార్థన ఉన్న నా పాత ఫోను గూట్లో పెట్టి నొక్కడం. మేమందరం చుట్టూ కూర్చోవడం. ప్రార్థన చేసే మనిషి ప్రార్థన పక్కనే కళ్లు మూసుకుని కూర్చోవడం.

"ప్రభువా, బాగేపల్లిలో ఉండే నా భార్యని..." అని ఫోను మొదలుపెట్టేది.

"నేను ఈడే ఉండానప్పా!" అనేదాన్ని, ఉండబట్టలేక.

"ప్రార్థన మధ్యలో మాట్లాడొద్దమ్మా" అనేది మా అత్త.

ఆమె ఎడమ మోకాలు కొద్దిరోజులకే నయమైంది. ఇప్పుడు కుడిది నొస్తోంది. ఫోను మాత్రం ఎడమ మోకాలినే పట్టుకుని వదలదు. మొదట్లో ఆమె ఫోను వైపు వంగి, "అది బాగయిందప్పా, ఈ పక్కది చూడు" అని చెప్పి చూసింది. తర్వాత తనే సమాధానపడింది. బాగైన మోకాలు మళ్లీ చెడకుండా అదే కాపాడుతోందట.

ఇక వానలు. ఆ ఏడు వానలు పట్టుకుని వదలలేదు. తోటల్లోనే కాయలు కుళ్లి రైతులు ఏడుస్తుంటే, మా గూట్లోంచి మాత్రం ప్రతి సాయంత్రం ఖంగుమని, వానలు కురిపించు ప్రభువా. మా పక్కింట్లో కిరాణా అంగడి పెట్టుకున్న ఆమె ఉంది. వాళ్లు హిందువులు, తరతరాలుగా ఈ ఊళ్లో వ్యాపారం చేసే కుటుంబం. ఆమె అంగడి కప్పు కారి చక్కెర మూట నానిపోయింది. ఆమె నేరుగా మా ఇంటికి వచ్చి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"మీ ఫోనును కొన్ని దినాలు ఆపమ్మా. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినా ఇంకా వాన అడుగుతాండాది."

"అది పాత ప్రార్థనమ్మా."

"పాతదైతేనేమి, పని చేస్తాండాది కదా. అదే నా బాధ!"

ఆమెను శాంతపరచి కూర్చోబెట్టాం. అప్పుడే ఫోను ఇంకెవురన్నా ఉండారా అని అడిగింది. ఆమె ఉలిక్కిపడి, చేతులు జోడించి, "మావాని పీయూసీ పరీక్ష ఉండాది సామీ" అంది. మర్నాడు కూడా ఆ సమయానికి సరిగ్గా వచ్చింది. ఫోనుకు మీరు చెప్పేది వినపడదమ్మా అని నేను నచ్చజెప్పబోయాను. "ఫోనుకు వినపడాల్సిన పనేముందమ్మా? దేవునికి వినపడదా?" అంది. నేను ఇంకో చాప పరిచాను. ఆమె వెంట ఇంకో ఇద్దరు ఆడవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఒకామెకు ఆవు ఈనేదుంది. ఇంకొకామెకు తమ్ముడి బదిలీ. ఇంకెవురన్నా అని మూడుసార్లు అడిగేలోపు ముగ్గురూ గబగబా చెప్పుకునేవాళ్లు. చప్పట పడ్డాక చెబితే చెల్లదని వాళ్లలో వాళ్లే ఒక నియమం పెట్టుకున్నారు.

ఈ సంగతి విని పాస్టరయ్య ఒక సాయంత్రం చెప్పకుండా వచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు. గూట్లో ఫోను ప్రార్థిస్తోంది. దాని పక్కన మా ఆయన భక్తిగా కళ్లు మూసుకుని ఉన్నాడు. ముగ్గురు హిందూ స్త్రీలు చేతులు జోడించి తమ వంతు కోసం కాచుకుని ఉన్నారు. పాస్టరయ్య ముఖంలో చాలా ఆలోచనలు వచ్చిపోయాయి. ఇది తప్పు అని ఆయన గట్టిగా అనలేడు. ఎందుకంటే రోజూ పొద్దున ఆయన ప్రసంగమే సంఘం వాట్సప్ గ్రూపులోకి వస్తుంది. సంఘంలో సగంమంది దోసెలు పోసుకుంటూ వింటారు. చివరికి ఆయన ఫోనుకు ఆమేన్ చెప్పి, కాఫీ తాగి, వెళ్లిపోయాడు.

ఆ వచ్చే ఆదివారం మందిరంలో నన్ను నిలబెట్టి, "పనికీ కుటుంబానికీ సమతూకం ఎట్ల పెట్టుకోవల్లనో ఈ కుటుంబాన్ని చూసి నేర్చుకోండి" అన్నాడు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. మా ఆయన అప్పుడే మార్కెట్టు నుంచి వచ్చి, వెనక బల్ల మీద టమోటా వాసనతో కూర్చుని, వినయంగా తల ఊపుతున్నాడు. కూటం ముగిసేసరికి అక్కలందరూ నన్ను చుట్టుముట్టారు. ఒకామె భర్త బెంగళూరు బస్సు డ్రైవరు. ఒకామె భర్త హోటల్లో పని, ఇంటికి వచ్చేసరికి పిల్లలు పడుకుంటారు. మాకూ ఆ ప్రార్థన పంపమ్మా అన్నారు. మగ గొంతు ఇంట్లో వినపడితే చాలట. పంపక ఏం చేయను? వారం తిరక్కుండా చింతామణిలో పలు ఇళ్లలో సాయంకాలం మా ఆయన గొంతు, బాగేపల్లిలో ఉన్న నా క్షేమం గురించీ మా అత్త ఎడమ మోకాలి గురించీ దేవుణ్ణి వేడుకోవడం మొదలుపెట్టింది. నేను కూరగాయలకు వెళితే ఎవరెవరో నన్ను ఆపి, బాగేపల్లి నుంచి ఎప్పుడొచ్చినావమ్మా అని అడిగేవారు.

ఇంతవరకూ నాకు నవ్వే. కోపం కూడా వచ్చేది గానీ, అది నాకు రోజూ వచ్చేదే.

పాప పాకడం నేర్చింది. తొమ్మిదో నెల దాటాక మనుషులను గుర్తుపట్టి చెయ్యి చూపించడం మొదలుపెట్టింది. ఒక మధ్యాహ్నం మా ఆయన వచ్చి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు. మా అత్త పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడిస్తోంది.

"అమ్మ యాడుండాది?" అంది. పాప నన్ను చూపించింది.

"అవ్వ యాడుండాది?" మా అత్త ముక్కు పట్టుకుంది.

"నాయన యాడుండాడు?"

పాప చుట్టూ చూసింది. ఎదురుగా నిలబడి ఉన్న తండ్రిని దాటి చూసింది. ఒళ్లోంచి జారి, గబగబా పాక్కుంటూ గూడు దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ పైకెత్తి ఫోనును చూపించింది.

మేము ముగ్గురం పగలబడి నవ్వాం. ఆయన నవ్వుకు చప్పుడు ఉండదు, భుజాలు మాత్రమే ఊగుతాయి. పక్కింటామెను పిలిచి మళ్లీ చేయించి చూపించాం. ఆమె కూడా నవ్వింది. రెండోరోజు కూడా పాప ఫోనునే చూపించింది. ఆరోజు ఆయన భుజాలు ఊగలేదు.

ఆ తర్వాత ఆయన ఒక్కొక్క పిచ్చిపని చేయసాగాడు. ఫోనును తన నోటి ముందు పెట్టుకుని ప్రార్థన మోగించాడు, గొంతు తననుంచే వస్తున్నదని పాప అనుకుంటుందేమోనని. పాప నవ్వుతూ వచ్చి, ఆయన చేతిలోంచి ఫోను లాక్కుని, దాన్ని గుండెకు హత్తుకుని, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది. ఇంకోరోజు ఫోనును చొక్కా జేబులో వేసుకుని కూర్చున్నాడు. పాప జేబును ముద్దు పెట్టుకుంది. ఆయన అలాగే కదలకుండా కూర్చున్నాడు. జేబు మీద తడి అంటుకుని ఉంది. 

ఆరోజు నేను పోట్లాడాను. మా ఇంట్లో పోట్లాట అంటే నేను అరవడం, ఆయన నా వేళ్లు వెతుక్కోవడం. నేను చెయ్యి ఇవ్వలేదు.

"దేవుడు లోకాన్నంతా చేసి ఏడో దినం పని ఆపినాడు కదా! ఆయన కంటే నీ టమోటాలు ఎక్కువైనాయా? వారంలో ఒక్క దినం ఆ గొంతును ఇంటికి తీసుకోనిరా. ఒక్క దినం! నీ బిడ్డకు నాయన ఉండాడా, బ్యాటరీ ఉండాదా?"

ఆయన ఫోన్లో టైపు చేసి చూపించాడు. ఆదివారమే బయటి ఊళ్ల వ్యాపారులు ఎక్కువగా వస్తారు. ఒక్క ఆదివారం తన కేక వినపడకపోతే వాళ్లు పక్క మండీ గొంతుకు అలవాటు పడతారు. అలవాటు పడితే మళ్లీ తిరిగి రారు. మండీ యజమాని మంచివాడే గానీ, కొనేవాళ్లు లేని గొంతును ఎంతకాలం పెట్టుకుంటాడు? అదంతా నిజమే. నాకు తెలుసు. ఇరవై ఏళ్ల వయసు నుంచీ ఆయన చేతనైనది ఆ ఒక్క పనే. నిజమని తెలిశాక కోపం ఇంకా ఎక్కువైంది. కంచం విసిరాను. స్టీలు కంచం, ఏమీ కాలేదు.

ఆ వారమంతా పాప ఫోనుకే ముద్దులు పెట్టింది. శనివారం ఆయన మార్కెట్టు నుంచి వచ్చి, నేను వద్దంటున్నా నా చెయ్యి లాక్కుని తువ్వాలు కప్పాడు. మా భాషలో ఆదివారానికి గుర్తు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. ఆయన నా వేళ్లను ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోయి, చివరి వేలు దగ్గర ఆగి, దాన్ని వదలకుండా పట్టుకుని కూర్చున్నాడు. అలా చాలాసేపు పట్టుకున్నాక, రేపు మార్కెట్టుకు పోడని నాకు అర్థమైంది.

ఆదివారం తెల్లవారుజామున అలవాటు కొద్దీ లేచాడు. పళ్లు తోముకుని నోరు తెరవబోయాడు. మా అత్త పరుగెత్తుకొచ్చి ఆయన నోటి మీద చెయ్యి పెట్టింది. "కాఫీకంతా గొంతు ఖర్చు పెట్టొద్దప్పా, దాచుకో!" పాలు పోసే మనిషి వచ్చి ఏదో అడిగాడు. ఆయన జవాబు చెప్పబోతే నేను అడ్డం పడి చెప్పాను. దగ్గు వస్తే కూడా నీళ్లు తాగించి ఆపాం. ఇంట్లో మాట్లాడడం కోసం సెలవు పెట్టిన మనిషిని ఒక్క మాట మాట్లాడనివ్వకుండా కాపలా కాశాం. ఆయన కూడా బుద్ధిగా, పెరట్లో అటూ ఇటూ నడుస్తూ, నిండు బిందె మోస్తున్న మనిషిలా జాగ్రత్తగా అడుగులు వేశాడు.

మందిరానికి వెళ్లేముందు ప్రార్థనకు కూర్చున్నాం. అంగడామె కూడా తలంటుకుని వచ్చింది, ఈరోజు అసలు మనిషే అడుగుతాడని. పాపను మా ఆయన ఎదురుగా చాప మీద కూర్చోబెట్టాను. ఆయన కళ్లు మూసుకుని, గుండెల నిండా గాలి పీల్చి, "ప్రభువా!" అన్నాడు.

అటక మీద గిన్నెలు మోగాయి. అంగడామె గుండె పట్టుకుంది. వీధిలో ఎవరో బండి ఆపి, ఏమైందప్పా అన్నారు. పాప ముఖం ఒక్కసారి తెల్లగా పాలిపోయి, తర్వాత ఎర్రబడి, ఊపిరి అందనంత ఏడుపు అందుకుంది. ఏడుస్తూనే గూడు వైపు పాకింది. తండ్రి నుంచి తప్పించుకుని తండ్రి దగ్గరికి పోతోంది.

ఆయన బెదిరిపోయి గొంతు తగ్గించబోయాడు. తగ్గదు. ఆయనకు తెలిసింది షెడ్డు చివరిదాకా వినపడే గొంతు ఒకటి, అసలు లేని గొంతు ఒకటి. మధ్యలో ఏముంటుందో ఆయనకు ఎవరూ నేర్పలేదు. "ప్రభ్—" అని ఒకసారి, "ప్ర—" అని ఒకసారి ప్రయత్నించాడు. పాప ఇంకా గట్టిగా ఏడ్చింది.

"ఫోనే మేలుగా ఉండాదమ్మా" అంది అంగడామె.

"అందరూ బయటికి నడవండి!" అన్నాను. మా అత్తను కూడా కలిపే అన్నాను. ఆ ఇంట్లో అలాంటి మాట అనడం నాకు అదే మొదలు. ఆమె నన్ను ఒకసారి చూసి, అంగడామె చెయ్యి పట్టుకుని వాకిట్లోకి వెళ్లింది.

నేను గూట్లోంచి ఫోను తీసి చాప మీద, ఆయన మోకాళ్ల ముందు పెట్టి నొక్కాను. బాగేపల్లిలో ఉండే నా భార్యని అని మొదలైంది. పాప ఏడుపు ఆపి, వెక్కుతూ, పాక్కుంటూ వచ్చి ఫోను దగ్గర కూర్చుంది. దాంతోపాటు నువ్వూ అనప్పా, దాని కంటే చిన్నగా అని ఆయన చెవిలో చెప్పాను. ఆ ప్రార్థన ఆయనకు నోటికి వచ్చు. పెదవులు కదిపాడు. తర్వాత గాలి వచ్చింది. తర్వాత గాలిలో కొంచెం గొంతు. మా పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఎన్నడూ వినని గొంతు అది. ఫోను వానలు అడుగుతుండగా నేను దాని చప్పుడు కొంచెం తగ్గించాను. ఇంకొంచెం తగ్గించాను. చివరికి ఫోను పూర్తిగా మూగబోయింది. ఆయన గొంతు ఒక్కటే మిగిలింది.

పాప ఫోను ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. కింద పెట్టింది. ఆయన పెదవుల వైపు చూసింది. ఆయన మోకాలు పట్టుకుని లేచి నిలబడి, నాలుగు వేళ్లూ ఆయన నోట్లో పెట్టి, లోపల ఎవరున్నారో చూడాలన్నట్టు తొంగి చూసింది. ఆయన నోరు తెరిచే ఉంచాడు. ఆయన చెంపల మీదుగా నీళ్లు కారి పాప చేతి మీద పడుతున్నాయి.

ప్రార్థన అయిపోయింది. పాప ఆయన కింది పెదవి పట్టుకుని లాగింది. ఇంకా కావాలి. ఆయన నా వైపు చూశాడు. ఇంట్లో బిడ్డతో ఏం మాట్లాడతారో ఆయనకు తెలియదు, పాపం. తెలిసిన మాటలే ఎత్తుకున్నాడు.

"చూడండప్పా, గూళూరు రైతు సరుకు... పొద్దున కోసినది... కాయ గట్టిగుండాది, ఎర్రగుండాది... చేత్తో పట్టి చూడండి... మద్రాసుకు పోయినా చెడేది కాదు..."

గుసగుసగా, ఒక్కొక్క మాటా ఆపి ఆపి, పాప వేళ్ల సందుల్లోంచి టమోటాలు అమ్ముతున్నాడు. పాప ఆ నోటి దగ్గర చెవి పెట్టి, కళ్లు పెద్దవి చేసి వింటోంది. నేను ఏడుస్తూ ఆమేన్ అన్నాను.